ఓడ వెనక చిల్లు

నీటి మీద తేలేది ఏది కట్టాలన్నా మొదటి నియమం ఒకటే: నీళ్ళు లోపలికి రాకూడదు. పలకకీ పలకకీ మధ్య సందు కనిపిస్తే నార కూరి, తారు పూసి మూసేస్తారు. కోరంగి, తాళ్ళరేవుల్లో టేకు ఓడలు కట్టిన వడ్రంగులైనా, థేమ్స్ ఒడ్డున ఓక్ ఓడలు కట్టినవాళ్ళైనా ఈ విషయంలో ఒక్క మాట మీదే ఉండేవాళ్ళు. 1830ల్లో కొందరు వచ్చి ఓడలు కట్టేవాళ్ళకి సరిగ్గా దీనికి ఎదురు పని చెప్పారు. ఓడ అమరం వైపు, నీటిమట్టానికి బాగా కింద, ఒక ఇనప ఇరుసు పట్టేంత చిల్లు తొలచమన్నారు. ఇరుసు లోపలి కొసన ఆవిరి యంత్రం ఉంటుంది, బయటి కొసన స్క్రూ ఉంటుంది, ప్రయాణం సాగినన్నాళ్ళూ అది ఆ చిల్లులో రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటుంది అన్నారు.

ఈ అధ్యాయం ఆ చిల్లు గురించి.

స్క్రూ ప్రొపెల్లరు కథ చెప్పే పుస్తకాలు సాధారణంగా రెక్కల దగ్గరే ఆగిపోతాయి. ఎవరు ముందు కనిపెట్టారు, పేటెంటు ఎవరికొచ్చింది, ఘనత ఏ దేశానికి దక్కాలి అన్న వాదనతోనే పేజీలు నిండుతాయి. రెక్కలు ముఖ్యమే. అయితే నీళ్ళలో మర తిప్పితే ఓడ ముందుకి సాగుతుందన్న ఊహ చాలామందికి చాలాకాలంగా ఉంది. ఆ ఊహని మహాసముద్రం దాటించింది మాత్రం ఇరుసు ఎక్కడ ఆనుతోంది, ఎక్కడ అరుగుతోంది, ఎక్కడ కారుతోంది అని వంగి చూసినవాళ్ళు. వాళ్ళ పేర్లు మనకి అందవలసినంతగా అందలేదు. అందుకని రెక్కల దగ్గర మొదలుపెట్టి, ఇరుసు వెంబడే ఓడ లోపలికి వెళ్దాం.

అప్పటి ఆవిరి ఓడలన్నీ తెడ్డుచక్రాల ఓడలు. రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలు, వాటి ఇరుసు నీటికి పైన. చిల్లు బాధ లేదు. నదుల్లో అవి చక్కగా నడిచేవి. సముద్రంలోకి వెళ్ళాకే చిక్కులు మొదలయ్యాయి. అలకి ఓడ ఒరిగితే ఒక చక్రం పూర్తిగా మునిగిపోయేది, రెండోది గాలిలో తిరిగేది. బయల్దేరేటప్పుడు బొగ్గు బరువుతో ఓడ లోతుగా కూరుకుని ఉండేది, బొగ్గు ఖర్చయ్యేకొద్దీ పైకి తేలేది. దాంతో చక్రం ఎంత మునగాలన్న లెక్క రోజుకో రకంగా మారేది. యుద్ధనౌకల పరిస్థితి మరీ అన్యాయం. ఫిరంగులు ఉండాల్సిన చోటంతా చక్రాలే. ఒక్క గుండు తగిలితే ఓడ నడక ఆగినట్టే.

ఈ చిక్కుకి స్క్రూతో జవాబు వెతికినవాళ్ళలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది వాళ్ళ వృత్తులు. జోసెఫ్ రెస్సెల్ ఆస్ట్రియా సామ్రాజ్యంలో అటవీశాఖ ఉద్యోగి. 1827లో పేటెంటు తీసుకుని, 1829లో ట్రియెస్ట్ రేవులో సివెట్టా అనే ఓడకి స్క్రూ బిగించి నడిపాడు. కాసేపటికే ఆవిరి గొట్టం పగిలింది. స్క్రూ తప్పు ఏమీ లేదు, అయినా పోలీసులు ఇక ప్రయోగాలు వద్దన్నారు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ పశువులు మేపుకునే రైతు. చిన్నప్పటి నుంచి బొమ్మ పడవలంటే ప్రాణం. ఆయనకి 1836 మే 31న పేటెంటు వచ్చింది. ఆరు వారాలకి అదే లండన్‌లో జాన్ ఎరిక్సన్ అనే స్వీడన్ ఇంజనీరుకి వేరే తరహా స్క్రూ మీద పేటెంటు వచ్చింది. మరుసటి ఏడాది ఎరిక్సన్ తన స్క్రూ పడవతో బ్రిటిష్ నౌకాదళ పెద్దలు కూర్చున్న బజ్రాని థేమ్స్ మీద లాగి చూపించాడు. పడవ లాగింది కానీ పెద్దలు మెచ్చలేదు. వెనక నుంచి తోస్తే ఓడ చుక్కాని మాట వినదని వాళ్ళ నౌకానిర్మాణ అధికారి నమ్మకం. ఎరిక్సన్ అమెరికా వెళ్ళిపోయాడు.

స్మిత్ చేసిన మొదటి స్క్రూ చెక్కది. ఇరుసు చుట్టూ రెండు పూర్తి చుట్లు తిరిగిన పొడుగాటి మర. 1837 ఫిబ్రవరిలో ప్యాడింగ్టన్ కాలువ మీద పడవ నడుపుతుండగా అది దేనికో తగిలి సగానికి విరిగిపోయింది. పడవ నెమ్మదించాలి కదా? ఉన్నట్టుండి వేగం పెరిగింది.

ఎందుకు పెరిగిందో చూద్దాం. మర ముందు భాగం నీళ్ళని వెనక్కి నెట్టేసరికి ఆ నీళ్ళు అప్పటికే కదులుతూ ఉంటాయి. కదిలే నీళ్ళని మర వెనక భాగం మళ్ళీ నెట్టినా కొత్తగా ఒరిగే తోపు కొంచెమే. పైగా ఆ పొడుగంతా నీళ్ళకి రాసుకుంటూ యంత్రం బలాన్ని తినేస్తుంది. విరిగిపోయిన సగం అన్నాళ్ళూ పడవకి బరువే తప్ప బలం కాదన్నమాట. స్మిత్ ఆ విరిగిన మరనే కొలతగా తీసుకుని ఒకే చుట్టున్న స్క్రూ చేయించాడు. ఆ శరదృతువులో అదే పడవని థేమ్స్ దాటించి, సముద్రం మీద డోవర్ దాకా, తను పుట్టిన హైత్ దాకా నడిపాడు. దీన్ని అదృష్టం ఖాతాలో రాసేవాళ్ళున్నారు. స్క్రూ విరగడం అదృష్టమే అనుకుందాం. విరిగిన దాన్ని అతికించి పాత రూపానికి తేకుండా, విరిగిన రూపాన్నే నమ్మడం మాత్రం తెలివి. స్క్రూ పొడుగు తగ్గించడం ఆ తర్వాతా సాగింది. నౌకాదళం 1843 నుంచి ర్యాట్లర్ అనే ఓడ మీద రకరకాల స్క్రూలు బిగించి చూసినప్పుడు పొట్టివే నెగ్గాయి. రెక్కలు నీళ్ళలో బుడగలు పుట్టించి తమని తామే కొరుక్కునే మరో కథ ఉంది. దానికి వచ్చే అధ్యాయం కేటాయించాను.

స్మిత్ వెనక డబ్బున్నవాళ్ళు చేరి 1838లో ఆర్కిమిడీస్ అనే ఓడ నీళ్ళలోకి దింపారు. 1840లో దాన్ని కొన్ని నెలలు అద్దెకి తీసుకుని పరీక్షించినవాడు ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రునెల్ అనే ఇంజనీరు. అప్పటికి బ్రిస్టల్‌లో ఆయన గ్రేట్ బ్రిటన్ అనే భారీ ఇనప ఓడ కడుతున్నాడు. అది తెడ్డుచక్రాల ఓడగానే మొదలైంది. దాని చక్రాల ఇరుసు ఎంత లావుగా ఉండాలంటే, దాన్ని సాగగొట్టగల సుత్తి ఆ దేశంలో ఏ కొలిమిలోనూ లేదు. ఓడ యంత్రాల ఇంజనీరు ఫ్రాన్సిస్ హంఫ్రీస్ ఈ బాధ జేమ్స్ నాస్మిత్ అనే మరో ఇంజనీరుకి ఉత్తరంలో రాశాడు. నాస్మిత్ 1839 నవంబరులో తన నోటుపుస్తకంలో ఒక బొమ్మ గీశాడు: ఆవిరి బలంతో బరువుని పైకెత్తి, ఇనుము మీదికి వదిలే సుత్తి. ఈలోగా బ్రునెల్ ఆర్కిమిడీస్‌ని చూసి మనసు మార్చుకున్నాడు. చక్రాలు పోయి స్క్రూ వచ్చింది, చక్రాల ఇరుసు చేయాల్సిన పనే లేకుండా పోయింది. ఆవిరి సుత్తి మాత్రం మిగిలింది. ఎన్నడూ తయారుకాని ఒక ఇరుసు కోసం పుట్టిన ఆ పనిముట్టు తర్వాత ఐరోపాలో భారీ ఇనప పనినంతా మార్చేసింది. ప్రొపెల్లరు ఇరుసుల్ని సాగగొట్టిందీ అలాంటి సుత్తులే. కొత్త పనిముట్లు ఎంత పక్కదారిలో వస్తాయో చెప్పమంటే నేను ముందు ఈ సంగతే చెబుతాను.

గ్రేట్ బ్రిటన్ 1843 జులైలో నీళ్ళు తాకింది. దాని యంత్రం నిమిషానికి 18 చుట్లు తిరిగేది. స్క్రూకి ఆ వేగం చాలదు. అందుకని పళ్ళ గొలుసులు వేసి స్క్రూ 54 చుట్లు తిరిగేలా చేశారు. 1845లో అట్లాంటిక్ మీద పెట్టాక ఏడాది తిరక్కుండానే ఆరు రెక్కల ప్రొపెల్లరు విరిగింది. నాలుగు రెక్కలది బిగించారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ర్యాట్లర్‌ని, తెడ్డుచక్రాల అలెక్టోని వెనకా వెనకా కట్టి తాడులాగుడు పందెం పెట్టారు. ర్యాట్లర్ తన ప్రత్యర్థిని రెండున్నర నాట్ల వేగంతో వెనక్కి ఈడ్చుకుపోయింది. చరిత్ర పుస్తకాల్లో ఈ పందేనికి మంచి బొమ్మలున్నాయి. నిజానికి నౌకాదళం అప్పటికే స్క్రూ ఓడలకి ఆర్డర్లు ఇచ్చేసింది. పందెం జనం కోసం.

కథ ఇక్కడితో ముగిసినట్టు కనిపిస్తుంది. స్క్రూ గెలిచింది, చక్రం ఓడింది. అయినా 1850ల మొదట్లో కూడా దూరప్రయాణం చేసే కంపెనీలు ఎన్నో తెడ్డుచక్రాల్ని వదల్లేదు. దానికి కారణం ఆ చిల్లు.

ఇరుసు ఓడలోంచి బయటికొచ్చే దారిలో ఒక గొట్టం ఉంటుంది, స్టెర్న్ ట్యూబ్ అంటారు. ప్రొపెల్లరు దాని బయటి కొసన వేలాడుతుంది. టన్నుల బరువు, పైగా ఒక్కో రెక్కా పైకొచ్చినప్పుడూ కిందికెళ్ళినప్పుడూ నీళ్ళు దాన్ని వేర్వేరుగా లాగుతాయి. ఆ ఊపంతా గొట్టం చివరి బేరింగు మీదే పడుతుంది. చెక్క ఓడల్లో ఆ అదురుకి వెనక పలకల సందులు తెరుచుకునేవి. స్క్రూ వచ్చాక ఇనప ఓడలు అంత త్వరగా పెరగడానికి ఇదీ ఒక కారణం. ఇక బేరింగు సంగతి. ఇరుసు ఆనేది ఇత్తడి మీదో, కంచు మీదో. చుట్టూ ఉప్పునీళ్ళు, వాటిలో ఇసుక. కందెన పోస్తే నిలవదు. లోహం మీద లోహం రాసుకుని నెలల్లోనే అరిగిపోయేది. బేరింగు అరిగితే ఇరుసు జారుతుంది, ఇరుసు జారితే నీళ్ళు ఆపే బిగింపు వదులవుతుంది. 1855 చివర్లో రాయల్ ఆల్బర్ట్ అనే 121 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక మధ్యధరా సముద్రంలో వస్తుండగా ఇరుసు బయటికొచ్చే చోట నీళ్ళు చొరబడ్డాయి. తోడిపోసినా తగ్గక, ఓడని కాపాడుకోవడానికి గ్రీసు దీవి ఒకదాని ఒడ్డుకి తీసుకెళ్ళి కావాలనే ఇసుక మీదికి ఎక్కించారు. శత్రువు గుండు ఒక్కటీ తగల్లేదు.

ఇక్కడ కథలోకి వచ్చేవాడు జాన్ పెన్. గ్రీనిచ్‌లో ఆవిరి యంత్రాలు చేసే కర్మాగారం యజమాని, స్వయంగా పనిలో చెయ్యి పెట్టే ఇంజనీరు. ఆయన యంత్రాలు నౌకాదళం ఓడల్లో నడిచేవి, ఆ ఓడలు అరిగిన బేరింగులతో తిరిగొచ్చేవి. మంచి ఇత్తడి, మరింత గట్టి ఇత్తడి అంటూ అందరూ లోహాల్లోనే వెతుకుతుండగా ఆయన, స్మిత్ కలిసి కలప ప్రయత్నించారు. అది మామూలు కలప కాదు, కరీబియన్ దీవుల్లోనూ దక్షిణ అమెరికా ఉత్తర తీరంలోనూ పెరిగే లిగ్నం వైటీ. నీళ్ళలో వేస్తే రాయిలా మునుగుతుంది. దాని నిండా జిడ్డుగా ఉండే బంక. గిలకలకీ, బంతాటల బంతులకీ వాడే ఈ కలప నావికులకి కొత్తదేం కాదు.

1854 పేటెంటులో ఉన్న అమరిక ఇప్పుడు చూసినా ముచ్చటేస్తుంది. కంచు గొట్టం లోపలి గోడకి నిలువునా గాళ్ళు కోసి, వాటిలో లిగ్నం వైటీ బద్దలు దిగగొట్టారు. బద్దకీ బద్దకీ మధ్య సన్నటి కాలువ వదిలేశారు. ఇరుసు ఆనేది చెక్క మీద. కాలువల్లో పారేది సముద్రపు నీళ్ళు. ఆ నీళ్ళు వేడి తీసుకుపోతాయి, ఇరుసుకీ చెక్కకీ మధ్య పొరలా చేరతాయి, వచ్చిన ఇసుకని కాలువ వెంట బయటికి నెడతాయి. నీటి పొర తెగిన క్షణాల్లో చెక్కలో బంక ఆదుకుంటుంది. బరువు ఎక్కువ పడే అడుగు భాగంలో కలప పోగుల కొసలు ఇరుసుకి ఎదురుగా ఉండేలా బద్దలు కోయడం తర్వాత వాడుకలోకి వచ్చింది. ఇరుసుకి ఉప్పు తగలకుండా కంచు తొడుగు వేశారు. అంతే. అన్నాళ్ళూ బయట ఆపాలని చూసిన నీళ్ళనే పనిలో పెట్టుకున్నారు.

స్క్రూ ఓడ నిశ్చింతగా మహాసముద్రాలు దాటింది ఈ చెక్కబద్దల మీదే. దాదాపు వందేళ్ళు ఇదే పద్ధతి నడిచింది. ప్రపంచంలో మొదటి అణు జలాంతర్గామి నాటిలస్ 1950ల్లో తయారైనప్పుడు బయటి బేరింగుల్లో పెట్టింది కూడా లిగ్నం వైటీయే. లోపల అణు రియాక్టరు, దాని బలాన్ని సముద్రంలోకి అందించే చోట కరీబియన్ చెట్టు. పెన్ పేరు ఎంతమందికి తెలుసు? ఎరిక్సన్‌కి విగ్రహాలున్నాయి, రెస్సెల్‌కి విగ్రహాలున్నాయి. బేరింగు మార్చినవాడికి కూడా అంత గౌరవం దక్కాలని నా పట్టుదల.

బేరింగు దాటి లోపలికొస్తే గ్లాండు. నీళ్ళు ఆపేది ఇదే. ఇరుసు చుట్టూ ఒక గిన్నె, దానిలో కొవ్వు పట్టించిన నారతాడు చుట్లు చుట్లుగా కూరి, పైనుంచి ఒక మూత పెట్టి రెండు నట్లతో బిగిస్తారు. తాడు నలిగి ఇరుసుని పట్టుకుంటుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి ఓడ ఎక్కనక్కర్లేదు. పొలంలో నీళ్ళు తోడే పంపుసెట్టు దగ్గర కూర్చుంటే చాలు. పంపు ఇరుసు డొక్కులోంచి బయటికొచ్చే చోట సరిగ్గా ఇదే ఏర్పాటు ఉంటుంది: అదే గ్లాండు, అదే తాడు, అవే రెండు నట్లు. కొత్తగా పని నేర్చుకునే కుర్రాడికి అక్కడ చుక్కలు కారడం కంటగింపు. స్పానరు తీసుకుని చుక్క ఆగేదాకా బిగిస్తాడు. పావుగంటలో ఇరుసు వేడెక్కుతుంది, తాడు కమిలిన వాసనొస్తుంది, విప్పి చూస్తే ఇరుసు మీద గాడి పడి ఉంటుంది. పాతకాపు మెకానిక్ వచ్చి రెండు నట్లూ సమానంగా పావు చుట్టు వదులు చేస్తాడు.

"కారనీరా. కారకపోతే కాలిపోద్ది" అంటాడు.

అక్కడ కారే నీరే తాడుని చల్లబరుస్తుంది, ఇరుసుకీ తాడుకీ మధ్య కందెన అవుతుంది. ఓడలోనూ అంతే. గ్లాండు నుంచి చుక్కలు పడుతుంటాయి, కింద చేరిన నీళ్ళని పంపు తోడేస్తుంది. ఎంత కారాలో తెలిసినవాడే ఆ పనికి తగినవాడు. ఓడ కట్టే పాత నియమం ఇక్కడ మారింది: రానివ్వవచ్చు, లెక్క తప్పకూడదు. ఈ మార్పు ఏ పేటెంటులోనూ కనిపించదు. ఇంజను గదుల్లో పనిచేసే చేతుల్లోంచి చేతుల్లోకి వచ్చింది.

ఇరుసు వెంట ఇంకా ముందుకెళ్తే మరో ప్రశ్న ఎదురవుతుంది. ప్రొపెల్లరు ముందుకి తోసేది దేన్ని? ఇరుసుని. మరి ఓడని తోసేది ఎవరు? ఇరుసు ఎక్కడో ఒకచోట ఓడ ఒళ్ళుకి ఆనుకుని నెట్టాలి. తిరుగుతూ నెట్టాలి. ఓడ మొత్తం తోపు ఆ ఒక్క చోటే పడుతుంది. పాతరోజుల్లో ఇరుసుకి వరసగా అంచులు చేసి, ఒక్కో అంచుకీ ఎదురుగా ఒక్కో గుర్రపునాడా ఆకారపు దిమ్మ పెట్టి తోపుని పంచేవాళ్ళు. ఆ దిమ్మలన్నీ సమానంగా ఆనేలా సర్దుతూ ఉండటం ఇంజనీర్లకి నిత్యం తలనొప్పి. ఒకటి కొంచెం ఎక్కువ ఆనితే అది వేడెక్కి కూర్చునేది.

జవాబు రైలు ఇరుసుల దగ్గర దొరికింది. 1880ల మొదట్లో బ్యూషాంప్ టవర్ అనే ఇంజనీరు లండన్‌లోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోసం బేరింగుల రాపిడి కొలుస్తున్నాడు. ఇరుసు పైన సగం చిప్పలా కూర్చున్న ఇత్తడి బేరింగు, అడుగున నూనె తొట్టి. నూనె పోసే గిన్నె అమర్చుదామని బేరింగు నడినెత్తిన చిన్న రంధ్రం తొలిచాడు. యంత్రం తిప్పగానే రంధ్రంలోంచి నూనె ఉబికి పైకొచ్చింది. బిరడా పెట్టాడు, ఎగిరిపోయింది. చెక్కమేకు కొట్టాడు, అదీ పైకి లేచి వచ్చేసింది. అప్పుడు గేజీ బిగించాడు. బేరింగు మోస్తున్న బరువుని దాని వైశాల్యంతో భాగిస్తే చదరపు అంగుళానికి 100 పౌండ్లు రావాలి. గేజీలో ముల్లు 200 దాటింది.

చెక్కమేకు పైకి లేవడాన్ని నూనె చిందరవందర అయిందని తుడిచేసి ఊరుకుని ఉండవచ్చు. టవర్ ఊరుకోలేదు, కొలిచి నివేదికలో రాశాడు. ఆ అంకెలు చూసి ఆస్బర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త 1886లో గణితం రాశాడు. తిరిగే ఇరుసు తనకి అంటుకున్న నూనెని తనతో లాక్కుపోతుంది. ఇరుసుకీ బేరింగుకీ మధ్య సందు క్రమంగా ఇరుకైతే, ఆ నూనె ఇరుకులోకి బలవంతంగా దూరాలి. అక్కడ ఒత్తిడి పెరిగి, ఆ ఒత్తిడే ఇరుసుని ఎత్తి పట్టుకుంటుంది. మందం మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే ఉన్న నూనె పొర మీద టన్నుల బరువు తేలుతుంది. లోహం లోహాన్ని తాకనే తాకదు.

రేనాల్డ్స్ వ్యాసం చదివినవాళ్ళలో ఇద్దరు, ఒకరికొకరు తెలియకుండా, ఒకే ఉపాయం పట్టుకున్నారు. మెల్‌బోర్న్‌లో ఆంథొనీ మిచెల్, అమెరికాలో ఆల్బర్ట్ కింగ్స్‌బరీ. తోపు పట్టే దిమ్మని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ కొద్దిగా వాలగలిగేలా నిలబెడితే, ఇరుసు తిరగ్గానే ఆ ముక్క తనంతట తనే సరైన వాలుకి చేరి నూనెని ఇరికిస్తుంది. మిచెల్ పేటెంటు 1905ది, కింగ్స్‌బరీది 1910ది. డజను అంచుల పని ఒకే అంచు చేసింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఇవి నౌకల్లోకి వచ్చేశాయి. కింగ్స్‌బరీ తన బేరింగుని పెద్దగా నిరూపించుకున్నది మాత్రం 1912లో, అమెరికాలో సస్క్వెహానా నది మీద హోల్ట్‌వుడ్ జలవిద్యుత్ కేంద్రంలో. నిలువుగా నిలబడి తిరిగే టర్బైన్, జనరేటర్‌ల బరువంతా ఒక్క బేరింగు మీద కూర్చోబెట్టాడు. శ్రీశైలంలో నిలువు షాఫ్టుతో తిరిగే యంత్రాల బరువు కూడా ఇలా వాలే పలకల మీదే నిలుస్తుంది. రైలు ఇరుసు మీద ఎగిరిన మేకు నుంచి కృష్ణా నది కరెంటు దాకా దారి ఇది.

ఈ పలకలు లేకపోతే ఇప్పటి ఓడలు లేవు. 2006లో వచ్చిన ఎమ్మా మేర్స్క్ అనే కంటెయినర్ ఓడ ఇంజను బలం 80 వేల కిలోవాట్లు. నిమిషానికి నూరు చుట్లు తిరిగే ఒకే ఒక్క ఇరుసు, దాని చివర 130 టన్నుల ప్రొపెల్లరు. ఆ తోపు మొత్తం ఒక అంచు, కొన్ని వాలుపలకలు, సన్నటి నూనె పొర మీదుగా ఓడకి అందుతుంది.

మళ్ళీ చిల్లు దగ్గరికి వెళ్ళాలి, అక్కడి పని ఇంకా పూర్తికాలేదు. లిగ్నం వైటీ నెమ్మదిగా పెరిగే చెట్టు. వందేళ్ళు నరికాక పెద్ద దుంగలు దొరకడం కష్టమైంది. దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఇప్పుడు నియంత్రణ ఉంది. ప్రత్యామ్నాయాల్లో ఒకటి గనిలోంచి వచ్చింది. చార్లెస్ షేర్‌వుడ్ అనే అమెరికన్ గనుల ఇంజనీరు, ఇసుకనీళ్ళు తోడే పంపు బేరింగు అరిగిపోతే, చేతికి వేరే ఏదీ దొరక్క రబ్బరు గొట్టం ముక్క కోసి పెట్టాడు. తాత్కాలికం అనుకున్నది లోహం కన్నా ఎక్కువకాలం నిలిచింది. ఇసుకరేణువు లోహం మీద పడితే గీరుతుంది. రబ్బరు మీద పడితే రబ్బరు లొంగుతుంది, రేణువు దాని మీద దొర్లుకుంటూ పక్క కాలువలో పడి నీళ్ళతో కొట్టుకుపోతుంది. పెన్ చెక్కబద్దల మధ్య వదిలిన కాలువలే రబ్బరులోనూ ఉన్నాయి. చిన్న ఓడల్లో, పడవల్లో ఈ రబ్బరు బేరింగులు నేటికీ మామూలే.

పెద్ద ఓడలు వేరే దారి పట్టాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలం నుంచి స్టెర్న్ ట్యూబుని రెండు కొసలా సీళ్ళతో మూసి, లోపల నూనె నింపి, మెత్తని తెల్లలోహపు బేరింగు పెట్టడం మొదలైంది. అరుగుదల బాగా తగ్గింది. సముద్రపు నీళ్ళు లోపలికి రాకూడదని నూనె ఒత్తిడిని బయటి నీటి కన్నా కొంచెం ఎక్కువగా ఉంచేవాళ్ళు. అంటే సీలు దెబ్బతింటే నీళ్ళు లోపలికి రావు, నూనె బయటికి పోతుంది. ఇంజను గదిలో ఉన్నవాడికి ఇది నిశ్చింత. సముద్రానికి కాదు. తెగిన వలల నైలాన్ తాళ్ళు ఇరుసుకి చుట్టుకుని, సీలు కిందికి దూరి, రబ్బరు అంచుని కోసేయడం తరచూ జరిగే సంగతి. ఓడ ఆగదు కాబట్టి ఎవరికీ తొందర ఉండదు, పైతొట్టిలో నూనె తగ్గితే ఇంకొంచెం పోస్తారు. ఇన్నేళ్ళు దీన్ని మామూలు ఖర్చుగా చూడటం నాకు మింగుడుపడదు. పంపుసెట్టు దగ్గర కారేది నీరు, ఇక్కడ కారేది నూనె.

2013 చివరి నుంచి అమెరికా తన జలాల్లోకి వచ్చే పెద్ద ఓడలకి షరతు పెట్టింది: సముద్రాన్ని తాకే చోట్ల వాడే కందెన ప్రకృతిలో కరిగిపోయేదై ఉండాలి, సాంకేతికంగా కుదరకపోతే తప్ప. దాంతో నూనెలు మారాయి. కొందరు ఓడల యజమానులు నూనెనే వదిలేసి నీటి బేరింగు వైపు తిరిగారు, ఈసారి చెక్క బదులు గట్టి పాలిమర్‌తో.

అదే 2013 ఫిబ్రవరిలో ఎమ్మా మేర్స్క్ సూయజ్ కాలువలోకి వెళ్తుండగా, వెనక భాగాన్ని పక్కకి నెట్టే ఒక చిన్న ప్రొపెల్లరు యంత్రం పాడైంది. అక్కడినుంచి నీళ్ళు ఇరుసు సాగే సొరంగంలోకి వచ్చాయి. సొరంగానికీ ఇంజను గదికీ మధ్య గోడ ఉంది. ఆ గోడలోంచి కరెంటు కేబుళ్ళు వెళ్ళడానికి రంధ్రాలున్నాయి, వాటికి సీళ్ళున్నాయి. నీటి ఒత్తిడికి ఆ సీళ్ళు లొంగిపోయాయి. ఇంజను గది మునిగింది. ఎవరికీ ప్రాణాపాయం లేకుండా ఓడని పోర్ట్ సయీద్ దగ్గర రేవుకి చేర్చారు. డెన్మార్క్ దర్యాప్తు బృందం తన నివేదికలో ప్రొపెల్లరు యంత్రంతో పాటు ఆ కేబుల్ రంధ్రాల మీదా దృష్టి పెట్టింది. పెద్ద చిల్లుని నూట డెబ్భై ఏళ్ళుగా కాపలా కాస్తుంటే, చిన్న చిల్లుల దగ్గర నీళ్ళు దారి చూసుకున్నాయి.

నీటి బేరింగుకి వస్తే, దానికి మంచినీళ్ళు అక్కర్లేదు గానీ మట్టిలేని నీళ్ళు కావాలి. నడిసముద్రంలో ఇబ్బంది లేదు. లోతు తక్కువ రేవుల్లో, నదులు సముద్రంలో కలిసేచోట్ల ప్రొపెల్లరు అడుగునున్న ఒండ్రుని లేపుతుంది, ఆ నీళ్ళే బేరింగులోకి వెళ్తాయి. అందుకని ఇప్పటి ఏర్పాట్లలో సముద్రపు నీటిని ముందు ఒక పాత్రలో సుడి తిప్పి, బరువైన రేణువుల్ని విడదీసి, తేరిన నీళ్ళని మాత్రమే ఇరుసు చుట్టూ పంపుతున్నారు. ఆ నీళ్ళని నెట్టడానికి ఒక పంపు కావాలి. ఆ పంపుకీ ఒక ఇరుసు ఉంటుంది. అది డొక్కులోంచి బయటికొచ్చే చోట నీళ్ళు ఎంత ఆపాలో, ఎంత కారనివ్వాలో ఇంజను గదిలో ఎవరో ఒకరు చూసుకోవాలి.